మామ్మ చుట్టా, వాళ్ళ కాగితమూ

పేపర్లో 'షార్ట్ సర్క్యూట్' అన్న మాట కనబడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. మా శ్రీకాకుళంలో ఏ కొట్టు కాలినా, ఏ గోదాము తగలబడ్డా, పొగ ఇంకా చల్లారకముందే ఆ రెండు ముక్కలూ తయారుగా ఉంటాయి. మెట్ల కింద గ్యాస్ బండలు వరసగా పేర్చుకుని పక్కనే దోసెలు పోసిన హోటలు కాలినా షార్ట్ సర్క్యూటే. ఒక్క ప్లగ్గులోంచి ఫ్రిజ్జూ, రెండు ఫ్యాన్లూ, దేవుడి పటం చుట్టూ రంగు బల్బులూ లాగిన ఇల్లు కాలినా షార్ట్ సర్క్యూటే. ఆ తీగ ఎవరు లాగారు, చూడవలసినవాళ్ళలో ఎవరు చూడలేదు, చూసి కూడా ఎవరు ఊరుకున్నారు అన్నది ఒక్కరూ రాయరు. నేను ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని. 'ఎందుకు?' అని అడిగిన ప్రశ్నకి పిల్లలు ఒక్క మాటలో జవాబు రాస్తే సగం మార్కులే వేసేదాన్ని. ఈ ఊరు ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాట రాసి పూర్తి మార్కులు పట్టుకుపోతోంది.

ఆ మధ్య బజారు వీధిలో మూడంతస్తుల బట్టల కొట్టు ఒకటి కాలింది. దాని వెనక సందులోనే మా ఇల్లు. మధ్యాహ్నం అన్నం తిని గిన్నెలు కడుగుతుంటే ఇనప తలుపు మీద దబదబా బాదుతున్న చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే కొట్టు వెనక తలుపుకి మా సందు వైపు నుంచి అరచేయంత తాళం వేసి ఉంది. లోపల ఆడపిల్లల కేకలు. తలుపు కింద నుంచి పొగ. ఆ కొట్టులో పనిచేసే పిల్లలు మధ్యలో టీకి బయటికి పోకుండా, చీర ఏదైనా సంచిలో పెట్టుకుని జారిపోకుండా యజమాని ప్రతిరోజూ పొద్దున్నే ఆ తాళం వేయించేవాడు. అది సందులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ముందు మెట్ల మీద దీపావళికి తెచ్చిన బట్టల అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయని కూడా తెలుసు. ఎదురింటి తాపీ మేస్త్రి గునపం తెచ్చి తాళం విరగ్గొట్టేసరికి, తలుపుకి అందరికన్నా దగ్గరగా నిలబడి బాదుతున్న పిల్ల చేతులు రెండూ కాలిపోయాయి. ఆ పిల్ల పేరు గీత. మా ఇంటికి చేపలు తెచ్చే పార్వతి కూతురు. చీరల విభాగంలో పని.

మర్నాడు పేపర్లో నాలుగు వాక్యాలు వేశారు. షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు. సరుకు దగ్ధం. ప్రాణనష్టం లేదు. సిబ్బంది సురక్షితం. గీత చేతులు ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడా లేవు. తాళం అసలే లేదు. ఆ పేపరు పట్టుకుని నేను వీధరుగు మీద కూర్చున్నాను. సందంతా కాలిన బట్టల వాసన. ఆ వాసన నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు ఒక వేసవిలో ఇలాంటి వాసనే మా వీధిలో వారాల తరబడి నిలిచిపోయింది. దాంట్లో ఎండు చేపలు మాడిన వాసన కూడా కలిసి ఉండేది, అంతే తేడా.

మాది కళింగపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాన్న వేటకి పోయి తిరిగి రాకపోయాక మామ్మ, అంటే నాన్న తల్లి సూరమ్మ, అమ్మనీ నన్నూ తీసుకుని పట్నం చేరింది. నాగావళి ఒడ్డుకి దగ్గరలో ఒక ఇరుకు వీధి. రెండు వరసల తాటాకు ఇళ్ళు. ఇంటి చూరు కింద మనిషి వంగి నడవాలి, ఈ ఇంటి చూరూ ఆ ఇంటి చూరూ ఒకదాన్నొకటి ముట్టుకుంటూ ఉండేవి. మామ్మ వారానికోసారి కళింగపట్నం పోయి ఎండు చేపల బుట్ట తెచ్చేది. అమ్మ దాన్ని తలకెత్తుకుని ఆమదాలవలస స్టేషను దగ్గర అమ్ముకొచ్చేది. మా ఇంట్లో గోడకి, చాపకి, నా పుస్తకాల సంచికి కూడా నెత్తళ్ళ వాసనే. బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. మామ్మకి చెప్తే, "మూసుకోనీయే. నోరు మూసుకోమనలేదు కదా నిన్ను" అనేది.

వేసవి వచ్చిందంటే మా వీధికి మామ్మ పెద్ద అయిపోయేది. ఎవరూ ఆ పని అప్పగించలేదు, ఆవిడే పట్టుకుంది. పడమటి గాలి లేచేలోగా వంటలన్నీ అయిపోవాలి. ఇంకా మసక చీకటిగా ఉండగానే పొయ్యిలు వెలిగించి, ఎండ వీధిలోకి దిగకముందే ఆర్పెయ్యాలి. ఆ తరవాత సాయంత్రం గాలి పడిపోయేదాకా వీధిలో ఒక్క పొయ్యిలో కూడా నిప్పు ఉండకూడదు. మధ్యాహ్నం అందరికీ చల్లారిన చోడి అంబలి, దాంట్లోకి పొద్దున్నే కాల్చి పెట్టుకున్న ఎండు చేప ముక్క. కొత్తగా కాపరానికి వచ్చిన కోడళ్ళకి వేడన్నం తినాలని ఉండేది, పాపం. మామ్మ ఒప్పుకునేది కాదు. చెంబుతో నీళ్ళు పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. "ఒసే, పొయ్యి ఆర్పినావేటి?" అని గుమ్మంలోంచి అడిగేది. "ఆర్పినాను మామ్మా" అన్నా నమ్మేది కాదు. తిన్నగా లోపలికి పోయి, పొయ్యిలో చెయ్యి పెట్టి చూసి, కాస్త వెచ్చగా తగిలినా చెంబెడు నీళ్ళు కుమ్మరించేది. తడిసిన బూడిద వాసన లేచేది. "రేపు ఎలాగ ముట్టించుకోవాల మామ్మా, పొయ్యంతా తడిసిపోనాది" అని వాళ్ళు గోల పెట్టేవారు. "రేపుకి ఇల్లుంటే ముట్టించుకుందువులే" అనేది. ప్రతి ఇంటి ముందూ రెండు కుండల నీళ్ళు, చూరుకి ఆనించి ఒక దోటీ ఉండాలి. దోటీ అంటే చివర కొక్కెం కట్టిన పొడుగు వెదురు. కప్పు అంటుకుంటే పక్కింటి తాటాకు లాగి పడెయ్యడానికి. ఆడవాళ్ళందరికీ అది పట్టుకోవడం మామ్మే నేర్పింది.

మామ్మకి చుట్ట ఉండాలి. మా వైపు ముసలమ్మలు చుట్ట ఎలా కాలుస్తారో చూడనివాళ్ళకి చెప్తే నమ్మరు. వెలిగించిన కొసని నోట్లోకి పెట్టుకుంటారు. నిప్పు లోపల, రెండో కొస బయట. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలిలో పనిచేసే ఆడవాళ్ళకి అదే వీలు. గాలికి చుట్ట ఆరదు, నిప్పు ఎగరదు, వలల మీదా ఒళ్ళో పిల్లల మీదా రవ్వ పడదు. మామ్మ బూడిద కూడా నేల మీద ఉమ్మేది కాదు. పక్కన కొబ్బరి చిప్పలో నీళ్ళు పెట్టుకుని దాంట్లో ఉమ్మేది. ఆ చిప్ప కడగడం నా పని. ఆ పని నాకు మహా అసహ్యం. ఇప్పుడు ఆ చిప్ప దొరికితే దేవుడి గూట్లో పెట్టుకుంటాను.

మా వీధిలో ఒక్క ఇంటికి కూడా కరెంటు లేదు. కరెంటు తీగలు మాత్రం మా కప్పుల మీద నుంచే పోయేవి. వీధి చివర ఒక పెద్ద మిల్లు ఉండేది, అవి పోయేది దానికే. స్తంభాలు దూరదూరంగా పాతారేమో, మధ్యలో తీగలు వేలాడిపోయి గాలి వేస్తే ఒకదానికొకటి తగిలేవి. అప్పుడు చిటచిటమని నీలంగా మెరిసి రవ్వలు రాలేవి. పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం. మామ్మ మాత్రం చుట్ట తీసి మరీ తిట్టేది. పొయ్యిలన్నీ ఆర్పించగలిగిన మనిషికి ఆ ఒక్క నిప్పు మాత్రం అందని ఎత్తున ఉండిపోయింది. ముగ్గురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని కరెంటాఫీసుకి పోయి చెప్పింది. ఒకతను వచ్చి తీగల మధ్య చెక్క ముక్క కట్టి పోయాడు. వానాకాలంలో ఆ తాడు కుళ్ళింది, చెక్క మా ఇంటి ముందే పడింది. మళ్ళీ పోయింది. మళ్ళీ ఎవరూ రాలేదు.

ఆ రోజు అమ్మ ఆమదాలవలస పోయింది. బడికి సెలవులు. మిట్టమధ్యాహ్నం మామ్మ గుమ్మం ముందు కూర్చుని నెత్తళ్ళు ఏరుతోంది, చుట్ట నోట్లో ఉంది. నేను పక్కనే ఉన్నాను. గాలి ఒక్కసారిగా లేచింది. పైన ఆ చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే రవ్వలు రాలుతున్నాయి, మా ఇంటి మీద కాదు, మూడో ఇంటి మీద. తాటాకు మీద కాసేపు ఏమీ కనబడలేదు. ఆ తరవాత సన్నగా పొగ. "అగ్గి! అగ్గి! పిల్లల్ని లాగండే!" అని మామ్మ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి దోటీ పట్టుకుని నాలుగో ఇంటి కప్పు లాగడానికి పరిగెత్తింది. కానీ పడమటి గాలి ముందు దోటీ ఎంత! ఫైరింజను వచ్చింది కానీ మా వీధిలోకి పట్టలేదు, మొగలోనే ఆగిపోయింది. వీధంతా బూడిదయింది. ఒక్క మనిషి కూడా పోలేదు. ఆ మిట్టమధ్యాహ్నం వీధిలో ఒక్క పొయ్యిలో కూడా నిప్పు లేదు. ఆ సంగతి మళ్ళీ చెప్తున్నాను, ఎందుకంటే ఏ కాగితం మీదా అది లేదు.

మర్నాడు పొద్దున్నే సర్కారు తరఫున తెల్ల చొక్కా ఆయన ఒకరు కాగితాలు పట్టుకుని వచ్చారు. ఆయన వెనకే బండి మీద బియ్యం బస్తాలు, దుప్పట్లు. ముందు రోజు నుంచీ మేం మంచినీళ్ళు తప్ప ఏమీ ఎరగం.

"మంటలు మొట్టమొదట ఎవరు చూశారు?" అని అడిగారు.

మామ్మ ముందుకొచ్చింది. "నానే సూసినాను బాబూ. ఆ తీగలు రెండూ కొట్టుకున్నాయి, నిప్పులు రాలినాయి. ఇగో, ఇక్కడే కూకోని నెత్తళ్ళు ఏరతన్నాను."

"నోట్లో ఏమిటది?"

"సుట్ట బాబూ."

"నిన్న మంటలు లేచినప్పుడు కూడా కాలుస్తున్నావా?"

"కాలస్తన్నాను బాబూ" అంది మామ్మ. అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు. "ఇది అడ్డపొగ. అగ్గి నోట్లోనే ఉంటాది, సూడండి" అని చుట్ట తీసి, కాలుతున్న కొస చూపించి, మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆయన మొహం చిట్లించుకుని చూశారు. చూశారన్నది గుర్తు పెట్టుకోండి. తెలియక రాసి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

రాయడం అయ్యాక వేలిముద్ర అడిగారు. మామ్మ కాగితం అందుకుని నా చేతిలో పెట్టింది. వీధి మొత్తానికి చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఐదో తరగతి. "ఏటి రాసినారో సదవే" అంది. నేను చదవడం మొదలుపెట్టాను. వీధి పేరు, ఇళ్ళ లెక్క వరకూ గట్టిగా చదివాను. ఆ తరవాత వాక్యం ఇలా ఉంది: 'సూరమ్మ అను స్త్రీ చుట్ట కాల్చి నిప్పును అజాగ్రత్తగా పారవేసినందున అగ్ని ప్రమాదము సంభవించినది.' అక్కడితో చదవడం ఆపేశాను. తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నారు. మా హెడ్మాస్టరు గారి చొక్కా లాంటి చొక్కా. ఆయన భుజం వెనక బియ్యం బస్తాలు. "చదివావు కదా పాపా? అంతా సరిగ్గానే ఉంది కదా?" అన్నారు. నేను తలూపాను. "అగ్ని ప్రమాదము సంభవించినది అని రాశారు మామ్మా" అన్నాను. అది అబద్ధం కాదు కదా అని ఆ రోజంతా నాకు నేనే చెప్పుకున్నాను. మామ్మ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద గట్టిగా నొక్కింది. ఆ మధ్యాహ్నం మాకు అన్నం వండుకోవడానికి బియ్యం వచ్చాయి. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

తీగలు మార్చమని మామ్మా, వీధి ఆడవాళ్ళూ మళ్ళీ ఆఫీసుకి పోయినప్పుడు అసలు సంగతి బయటపడింది. అక్కడి గుమాస్తా ఫైలు తీసి, "మీ ముసలమ్మ చుట్ట వల్ల కాలిందని రాసి ఉంటే తీగల మీద పడి ఏడుస్తారేమిటి? ఇదిగో, వేలిముద్ర కూడా ఉంది" అని పైకి చదివి వినిపించాడట. మామ్మ ఆ ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చింది. కాలిన వాసాల మీద పరిచిన కొత్త గుడారపు గుడ్డ కింద కూర్చుంది. నన్ను పిలిచింది. తిట్టలేదు, కొట్టలేదు.

"సదివినావు కదే. నాకు సెప్పలేదేటి?" అంది.

అంతే. ఆ ప్రశ్న మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం నుంచీ చుట్ట వెలిగించలేదు. అలవాటు కొద్దీ నోట్లో పెట్టుకునేది, కొసకి నిప్పు మాత్రం ఉండేది కాదు. వీధి వాళ్ళకి మొదట్లో నిజం తెలుసు. తరవాత తరవాత వాళ్ళూ తడబడ్డారు. కాగితం మీద ఉందంటే ఏదో ఉండే ఉంటుందన్నారు. మామ్మ ఆర్పిన పొయ్యిల వాళ్ళే అన్నారు. ఆవిడ పోయేనాటికి కొత్తగా వచ్చిన కోడళ్ళకి ఆవిడ వీధి తగలబెట్టిన చుట్ట ముసలమ్మ. తీగలు మాత్రం ఎక్కడివక్కడే వేలాడాయి.

అప్పుడు తీగ తప్పు రాస్తే పెద్దవాళ్ళెవరో జవాబు చెప్పవలసి వస్తుందని ఒక ముసలమ్మని పట్టుకున్నారు. ఇప్పుడు మనిషి తప్పు రాస్తే ఆ మనిషికి డబ్బుంది కనక తీగని పట్టుకుంటున్నారు. ఇన్నేళ్ళలో ఊరికి వంతెనలు వచ్చాయి, మాల్స్ వచ్చాయి, మా తాటాకు వీధి మీద నాలుగంతస్తుల ఇళ్ళు లేచాయి. ఆ కాగితం మాత్రం ఏమీ మారలేదు. మేం పొయ్యి ఆర్పామా లేదా అని ఒక మనిషి చెయ్యి పెట్టి చూసేది. ఇప్పుడు తలుపుకి తాళం ఉందా లేదా అని చూసేవాళ్ళు ఎవరు? నేనూ చూశాను, రోజూ చూశాను, ఒక్క రోజు కూడా ఆ యజమాని దగ్గరికి పోయి ఇదేమిటయ్యా అనలేదు. నా మీద నాకే కోపం, దాచుకోవడం దేనికి?

గీత ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి పార్వతి నన్ను రమ్మని కబురు పెట్టింది. పోయేసరికి కుర్రాడి లాంటి సర్కారు ఉద్యోగి ఒకతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడే. గీత మంచం మీద గోడకి ఆనుకుని ఉంది, రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. ఆ కట్లతో అమ్మాయి సంతకం పెట్టే వీలు లేదు కనక తల్లి వేలిముద్ర చాలని, ఇది ఉంటేనే సాయం ఫైలు కదులుతుందని అతను చెబుతున్నాడు. పార్వతి అప్పటికే బొటనవేలు సిరా ప్యాడ్ మీద అద్దుకుంది. నన్ను చూసి, "ఏటి రాసినారో సదవండి టీచరమ్మా" అంది.

కాగితం తీసుకున్నాను. కొట్టు పేరు చదివాను. తేదీ చదివాను. అక్షరం వదలకుండా, పక్క వాటాల వాళ్ళకి కూడా వినబడేలా చదివాను. 'కారణం: షార్ట్ సర్క్యూట్. సదరు ఉద్యోగిని కంగారుపడి తప్పుడు దారిలో వెళ్ళినందున గాయపడినది.'

గీత మంచం మీద నుంచి లేవబోయింది. "తప్పుడు దారేటి? అదే దారి! బయట తాళం ఏసినారు. తలుపు బాదినాను. రాయండి!"

"కారణం దగ్గర ఒక్క గడే ఉంటుందండీ, నా చేతిలో ఏముంది" అన్నాడతను నాతో.

"గడిలో పట్టకపోతే వెనక రాయి నాయనా. వెనక అంతా ఖాళీగానే ఉంది. తాళం ఉందని నేను చూశాను, నా పేరు కూడా రాయి" అన్నాను. పై వాళ్ళని అడగాలన్నాడు. పార్వతి తన బొటనవేలి వంక చూసుకుంది, గీత కట్ల వంక చూసింది. కొంగు తీసి ఆ సిరా శుభ్రంగా తుడిచేసుకుంది.

"తాళం రాయండి బాబూ. రాసినాకే ఏలిముద్ర ఏస్తాను" అంది.

అతను కాగితం మడిచి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. రాకపోతే మనమే పోదామన్నాను. అతను పోయాక పార్వతికి భయం పట్టుకుంది. "తప్పు సేసినానేటి టీచరమ్మా? సాయం ఆగిపోతాదేటి?" అని అడిగింది. ఆగిపోవచ్చు. ఆ మాటే చెప్పాను. తప్పు మాత్రం నువ్వు చెయ్యలేదు, నేను చేశాను, ఐదో తరగతిలో, అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు. అప్పుడు తల్లికీ కూతురికీ మామ్మ కథంతా చెప్పాను. పొయ్యిలు, చెంబు, దోటీ, తీగలు, తెల్ల చొక్కా, నేను చదవకుండా మింగేసిన ఆ వాక్యం. అన్నం రెండుసార్లు పెట్టించుకున్నానని కూడా చెప్పాను. చుట్ట వల్ల కాలిందని రాశారనేసరికి పార్వతి నన్ను మధ్యలో ఆపేసింది. నేను మాట తప్పు చెప్పానేమో అన్నట్టు చూసింది.

"అడ్డపొగ కదా టీచరమ్మా? అగ్గి నోట్లో ఉంటాది కదా. ఎలాగ రాలతాది?" అంది.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి పార్వతి. ఆ రోజు కాగితం చేతిలో పట్టుకుని నేను అడగవలసిన ప్రశ్న అది.